చిట్టితో తెలుగులోనే మాట్లాడండి

ప్రశ్న: మేము టెక్సస్‌లో, డాలస్‌కు దగ్గరలో ఉంటున్నాం. నాకు నలభై రెండేళ్లు. మూడేళ్ల క్రితం ఒక సంరక్షణ కేంద్రం నుంచి తెచ్చుకున్న ఆడకుక్క మా చిట్టి. ఏ జాతో తెలియదు, చాలా జాతుల కలగలుపు. భుజం దగ్గర ఎత్తు 17 అంగుళాలు. ఏడాదిన్నరగా దానికి ఎజిలిటీ, అంటే కుక్క మన సైగలతో వరుసగా అడ్డంకులు దాటుతూ పరిగెత్తే ఆట, నేర్పిస్తున్నాను. పెరట్లో "దూకు", "దూరు", "ఆగు" అంటే చాలు, బాణంలా వెళ్తుంది. వారానికోసారి వెళ్లే తరగతిలో కృత్రిమ గడ్డి మీదా అంతే. కానీ గత నెలలో రెండు ప్రదర్శనల్లో పాల్గొంటే రెండింటిలోనూ తల కొట్టేసినట్టయింది. అవి గుర్రాలు తిరిగే మట్టి మైదానంలో జరిగాయి. మొదటిసారి రింగులోకి దిగగానే నేల వాసన చూస్తూ నిలబడిపోయింది. తరువాత ఒక్కసారిగా రింగంతా చుట్టూ పరిగెత్తింది. రెండోసారి సీ-సా (పైకీ కిందికీ ఊగే పలక) ఎక్కకుండా ఆగిపోయి, వీవ్ పోల్స్ (మెలికలు తిరుగుతూ దాటాల్సిన నిలువు కర్రల వరుస) మధ్యలోంచి తప్పుకుని, గేటు దాటి వెళ్లిపోయింది. అందరి ముందూ తెలుగులో అరవడానికి మొహమాటపడి ఇంగ్లిషులోనే చెప్పాను. మావారు "ఇక చాలు" అంటున్నారు. అత్తగారు "ఇంట్లో పులి, వీధిలో పిల్లి" అని నవ్వుతున్నారు. ఆ ఉదయం దానికి పెరుగన్నం పెట్టి పంపింది ఆవిడే. తెలిసిన శిక్షకుడొకరు మెడకు ముళ్ల పట్టీ వేసి, ప్రదర్శనకు ముందు రెండు రోజులు క్రేటులో, అంటే కుక్క బోనులో, ఒంటరిగా ఉంచితే దారికొస్తుందన్నారు. బోర్డర్ కోలీ జాతి కుక్కలు ఏలే ఈ ఆటలో మా కుక్కకు చోటుందా? మానేయమంటారా?

సమాధానం:

అమ్మా, ముందుగా ఆ ముళ్ల పట్టీ సంగతి. కొనకండి. ఇప్పటికే కొని ఉంటే తిరిగి ఇచ్చేయండి. అమెరికన్ కెనెల్ క్లబ్ ప్రదర్శనల ప్రాంగణంలో అలాంటి పట్టీలకు అనుమతి లేదు. అనుమతి ఉన్నా నేను ఇదే చెప్పేవాణ్ని. చిట్టి మొండికేయలేదు. అది భయపడింది. భయపడిన ప్రాణి మెడకు నొప్పి తగిలిస్తే దానికి అర్థమయ్యేది ఒక్కటే: ఈ మైదానంలో నిజంగానే భయపడాల్సినది ఉంది. ఇక రెండు రోజుల ఒంటరితనం. మనుషులంటే పడిచచ్చే కుక్కను అలా ఉంచితే, క్రేటు తలుపు తీయగానే అది మీ మీద పడి వదలదు. అది మీ కోసం తపించడమే తప్ప మీతో కలిసి ఆలోచించి పరిగెత్తే స్థిమితం కాదు.

నేల వాసన చూడటాన్ని మీరు పరధ్యానం అనుకుని ఉంటారు. చాలామంది అలాగే అనుకుంటారు. ఏం చేయాలో తోచని కుక్క అలవాటైన ఏదో ఒక పనిలోకి జారుకుంటుంది. వాసన చూస్తుంది, ఆవులిస్తుంది, మూతి నాక్కుంటుంది, దురద లేకపోయినా చెవి గోక్కుంటుంది, తడవకపోయినా ఒళ్లు విదిలించుకుంటుంది. ఆ వెనుకనే వచ్చిన చుట్టూ పరుగు కూడా చాలాసార్లు అదే కోవలోనిది. చూసేవాళ్లకు ఉత్సాహంలా కనిపిస్తుంది, లోపల ఆందోళన పొంగి పొర్లుతుంటుంది. ఈసారి రింగు పక్కకు వెళ్లినప్పుడు ఉడికించిన కోడి మాంసం ముక్క ఒకటి దాని ముందు పెట్టండి. ఇంట్లో ఎగిరి అందుకునే ముక్కను అక్కడ ముట్టుకోకపోతే దాని మనసు బాగాలేదని లెక్క. అలాంటప్పుడు రింగులోకి దించకండి. ఇంతకన్నా తేలికైన పరీక్ష నాకు తెలియదు.

ఇప్పుడు ఆ రోజును చిట్టి వైపు నుంచి చూడండి. ఏడాదిన్నరగా తనకు తెలిసిన మనిషి తెలుగులో మాట్లాడుతుంది, నవ్వుతుంది, జేబులోంచి ముక్కలు తీసి పెడుతుంది, కాళ్లకింద గడ్డి ఉంటుంది. ఆ రోజు అదే ఆకారంలో వచ్చిన మనిషి మరో భాషలో మాట్లాడింది. జేబులు ఖాళీ. ఊపిరి బిగబట్టి, భుజాలు పైకెత్తి, గట్టి గొంతుతో పిలిచింది. కాళ్లకింద మట్టి, అందులో గుర్రపు లద్దె వాసన. ఇన్ని మారిపోయాక చిట్టి మీ మాట వినలేదనడం న్యాయం కాదు. మీరు దానికి చెప్పలేదు, దానికి రాని భాషలో ఇంకెవరికో చెప్పారు.

కాబట్టి ఈసారి నుంచి రింగులో తెలుగులోనే మాట్లాడండి. మొహమాటం వద్దు. ఏ భాషలో ఆజ్ఞ ఇవ్వాలో చెప్పే నియమం ఏ సంస్థకూ లేదు. పైగా దీనిలో మీకొక లాభం ఉంది. పెద్ద ప్రదర్శనల్లో రెండు రింగులు పక్కపక్కనే నడుస్తాయి. పక్క రింగులోంచి "టనెల్", "జంప్" అని అరుపులు వినిపిస్తూనే ఉంటాయి. ఇంగ్లిషు మాటలు నేర్చిన కుక్కలు ఆ అరుపులకు తల తిప్పడం నేను ఎన్నోసార్లు చూశాను. "దూకు" అని అరిచేది మీరొక్కరే.

అయితే మీరు ఎంచుకున్న మాటల్లో ఒక చిక్కుంది. "దూకు", "దూరు" రెండూ "దూ"తోనే మొదలవుతాయి. కుక్క పరిగెడుతూ మాట మొత్తం వినదు, మొదటి శబ్దానికే అడుగు వేసేస్తుంది. పెరట్లో ఒక గెంతు కర్ర, ఒక టనెల్ (దూరి వెళ్లే గొట్టం) దూరదూరంగా ఉంటాయి కనుక మీకు తేడా తెలియలేదు. ప్రదర్శనలో అవి పక్కపక్కనే పెడతారు, కావాలనే పెడతారు. "దూకు" అలాగే ఉంచి, టనెల్‌కు "గుహ" అని నేర్పండి. పాత మాట మార్చడానికి వారం రోజులు చాలు: ముందు "గుహ" అనండి, వెంటనే "దూరు" అనండి. నాలుగైదు రోజులకు రెండో మాట మానేయండి.

ఖాళీ జేబుల సంగతి ఇంతకన్నా పెద్దది. రింగులోకి తినుబండారాలు, బొమ్మలు తీసుకెళ్లకూడదన్నది నియమం. తరగతిలో మాత్రం మన నడుముకు చిరుతిండి సంచి వేలాడుతూనే ఉంటుంది. కుక్కకు ఆ సంచి కూడా మన ఒంట్లో ఒక భాగమే. అది మాయమైన రోజున ఆట లేదని అనుకుంటుంది. ఈ అలవాటు మాన్పించడం కష్టం కాదు, ఓపిక కావాలి. మూత గట్టిగా పట్టే డబ్బా ఒకటి తీసుకోండి. చిట్టికి ఇష్టమైనవి అందులో వేసి, దాని కళ్ల ముందే గేటు బయట కుర్చీ మీద పెట్టండి. ఉత్త చేతులతో లోపలికి వెళ్లి ఒకే ఒక్క గెంతు చేయించండి. చేయగానే "పద, పద" అంటూ ఇద్దరూ కలిసి డబ్బా దగ్గరికి పరిగెత్తండి. మూత తీసి పెట్టండి. ఇలా వారం పాటు ఒక్క అడ్డంకే. తరువాత మూడు. ఆ పైన ఆరు. తొందరపడి ఒకటి నుంచి పన్నెండుకు వెళ్లకండి. తిండి నా దగ్గర లేకపోయినా మన ఆట చివర ఉంటుందన్న నమ్మకం దానికి కుదరాలి, ఆ నమ్మకం చిన్న చిన్న పరుగుల్లోనే కుదురుతుంది. తరగతిలో ఇతరులకు ఇది వింతగా కనిపించవచ్చు. కనిపించనివ్వండి.

మట్టి మైదానం గురించి కూడా ఇలాగే ఆలోచించండి. అమెరికాలో చాలా క్లబ్బులు గుర్రాల అరీనాలను అద్దెకు తీసుకుని ప్రదర్శనలు పెడతాయి. గడ్డి మీద మాత్రమే నేర్చిన కుక్కకు ఆ నేల ఒక కొత్త పుస్తకం, ప్రతి అంగుళంలోనూ చదవాల్సినది ఉంటుంది. దగ్గర్లో గుర్రాలు పెంచే చోటును ఒక గంట అద్దెకు అడగండి. మొదటి రోజు ఏ అడ్డంకులూ పెట్టకండి. పట్టీ పొడవుగా వదిలి వాసనలు చూసుకోనివ్వండి, పది నిమిషాలైనా సరే, ఇరవై నిమిషాలైనా సరే. తనంతట తాను తల ఎత్తి మీ వైపు చూసినప్పుడు ఒక ముక్క పెట్టండి. మూడో నాలుగో రోజుకు ఆ చూపు త్వరగా వస్తుంది. అప్పుడు ఒక గెంతు కర్ర తీసుకెళ్లండి.

ఇక మీ శరీరం. ఎజిలిటీలో కుక్క మన మాటకన్నా ముందు మన పాదాలు ఎటు చూస్తున్నాయో, భుజం ఎటు తిరిగిందో చదువుతుంది. మనం ఆగితే తానూ ఆగుతుంది. మనం వెనక్కి తిరిగి "రా రా" అని చేయి ఊపితే ముందున్న అడ్డంకి వదిలి మన దగ్గరికి వస్తుంది. చిట్టి సీ-సా దగ్గర ఆగినప్పుడు మీ పాదాలు ఎటు ఉన్నాయో గుర్తు తెచ్చుకోండి. ఎవరైనా ఫోనులో తీసి ఉంటే ఆ దృశ్యం ధ్వని లేకుండా చూడండి, కుక్కను చూడకుండా మీ కాళ్లను మాత్రమే చూడండి. తప్పుదారి పట్టిన పరుగుల్లో ఎక్కువ భాగం మన కాళ్లలోనే మొదలవుతాయని మీకు కనిపిస్తుంది. పోటీకి ముందు కుక్క లేకుండా రింగులో నడిచి దారి గుర్తుపెట్టుకోవడానికి కొన్ని నిమిషాలు ఇస్తారు కదా, ఆ నిమిషాల్లో చాలామంది అడ్డంకుల వరుసను మాత్రమే బట్టీ పడతారు. మీరు ప్రతి మలుపు దగ్గరా ఎక్కడ నిలబడతారో, ఏ పాదం ముందు వేస్తారో కూడా నడిచి చూసుకోండి. పెదవులు కదుపుతూ ఆ మాటలు తెలుగులో అనుకోండి. ఊపిరి దానంతట అదే కుదురుకుంటుంది.

వీవ్ పోల్స్ విషయంలో నాకు వేరే భయం ఉంది, దాన్ని దాచకుండా చెబుతాను. నా మొదటి కుక్క రాజా అని ఉండేవాడు. ఒక ప్రదర్శనలో ఆరు కర్రల్లో నాలుగోదాని దగ్గర బయటికి వచ్చేశాడు. నేను వెనక్కి తెచ్చి మళ్లీ పంపాను. మళ్లీ వచ్చేశాడు. మూడోసారి నా గొంతు పెరిగింది. వాడు చెవులు వెనక్కి పెట్టి, నా ముఖం చూస్తూ ఆరు కర్రలూ పూర్తి చేశాడు. మూడు వారాల తరువాత పశువైద్యుడు వాడి ఎడమ భుజం కండరాన్ని నొక్కినప్పుడు వాడు మూలిగాడు. ఆ ఆరు కర్రలూ నొప్పితోనే తిరిగాడు, నేను అడిగానని. పదహారేళ్లయింది, ఆ ముఖం నేను మరచిపోలేదు. కర్రకూ కర్రకూ మధ్య ఉండేది 24 అంగుళాలే. ఆ సందుల్లో వెన్ను పాములా మెలికలు తిరగాలి, ముందుకాళ్ల మీద బరువు ప్రతి అడుగుకూ పక్కకు మారాలి. ఎప్పుడూ చేసే కుక్క ఒక రోజు మధ్యలో వదిలేస్తే, క్రమశిక్షణ గురించి ఆలోచించే ముందు వైద్యుడికి చూపించాలి. భుజాలు, నడుము, తుంటి, వేళ్ల మధ్య చర్మం, గోళ్లు అన్నీ చూడమనండి. బరువు కూడా. పక్కటెముకలు చేతికి తేలిగ్గా తగలాలి. ఆ పరీక్ష అయ్యేదాకా చిట్టిచేత వీవ్ పోల్స్ చేయించకండి.

సీ-సా దగ్గర ఆగిందంటే శబ్దానికి జడిసి ఉంటుంది. 12 అడుగుల పలక అది. ఒక్కో క్లబ్బు పలక ఒక్కో వేగంతో దిగుతుంది, ఒక్కో రకంగా చప్పుడు చేస్తుంది. గడ్డి మీద మెత్తగా పడిన పలక మట్టి మీదో సిమెంటు మీదో "ధడ్" మంటుంది. ఇంట్లో పలక రెండు చివర్ల కిందా మందపాటి పరుపులు పెట్టి, అది కదిలేది రెండు మూడు అంగుళాలే అయ్యేలా చూడండి. చిట్టి తన ముందుకాలితో పలకను కిందికి నొక్కితే ముక్క దొరుకుతుంది. చప్పుడు చేసేది తానే అయినప్పుడు చప్పుడుకు భయం పోతుంది. పరుపులు ఒక్కో పొరా తీస్తూ వెళ్లండి. పలక చివర పసుపు రంగు వేసిన భాగంలో నిలబడి, పలక నేలకు తగిలాక దిగడం అలవాటయ్యేదాకా ఎత్తు పెంచకండి.

అత్తగారి పెరుగన్నం గురించి. ఆవిడ ప్రేమగా పెట్టారు, ఆవిడను నొప్పించకండి. కానీ నిండు కడుపుతో గెంతడం, మెలికలు తిరగడం కుక్కకు మంచిది కాదు. ఉదయం పోటీ ఉంటే ముందురోజు రాత్రి సరిగా తినిపించి, పొద్దున్న కొద్దిగా మాత్రమే, పరుగుకు చాలా ముందుగా పెట్టాలి. తాలింపు లేని పెరుగన్నం రెండు ముద్దలు ఇంటికి వచ్చాక పెట్టమనండి. ఉల్లి, వెల్లుల్లి పడిన పప్పు, సాంబారు, కూర ఏ రోజూ పెట్టకూడదు, అవి కుక్క రక్తకణాలను దెబ్బతీస్తాయి. పాయసంలోని కిస్మిస్‌లు కుక్క మూత్రపిండాలకు ప్రమాదం. మన ఇళ్లలో ఇవి రెండూ తెలియక జరిగే తప్పులు కాబట్టి గట్టిగా చెబుతున్నాను.

బోర్డర్ కోలీల గురించి అడిగారు. నిజమే, పై స్థాయిలో ఎక్కువ పతకాలు వాటివే. కానీ మీరు ఇప్పుడు వాటితో పోటీ పడటం లేదు. నోవిస్ అనే మొదటి స్థాయిలో అర్హత దొరికేది పక్క కుక్కను ఓడించినందుకు కాదు. 100 మార్కులతో మొదలుపెట్టి 85కు తగ్గకుండా ముగిస్తే ఆ పరుగు నెగ్గినట్టే. అడ్డకర్ర పడిపోకుండా చూసుకోవాలి, పడితే ఆ పరుగు పోయినట్టే. ఇద్దరు వేర్వేరు న్యాయనిర్ణేతల దగ్గర అలాంటి పరుగులు మూడు వస్తే మొదటి బిరుదు చిట్టిదే. కలగలుపు జాతి కుక్కలను అమెరికన్ కెనెల్ క్లబ్ 2010 నుంచి ఈ పోటీల్లోకి రానిస్తోంది. 2024లో వెస్ట్‌మినిస్టర్ కుక్కల ప్రదర్శనలోని మాస్టర్స్ ఎజిలిటీ ఛాంపియన్‌షిప్ గెలిచిన నింబుల్ కూడా కలగలుపు కుక్కే. ఆ పోటీ 2014లో మొదలయ్యాక అలాంటి కుక్క గెలవడం అదే మొదటిసారి. దానిలో బోర్డర్ కోలీ రక్తం కూడా ఉంది కాబట్టి దీన్ని చూసి చిట్టి రేపు అక్కడ గెలుస్తుందని నేను అనను. తలుపు తెరిచి ఉందని మాత్రం చెబుతున్నాను.

అసలు ఈ ఆట పుట్టిందే చూసేవాళ్ల సంతోషం కోసం. 1978లో లండన్‌లో క్రఫ్ట్స్ అనే పెద్ద కుక్కల ప్రదర్శనలో ప్రధాన పోటీల మధ్య ఖాళీ సమయం నింపడానికి, గుర్రాల గెంతు పోటీల పద్ధతిలో కుక్కలకు ఒక వినోదం ఏర్పాటు చేశారు. జనానికి అది బాగా నచ్చింది. రెండేళ్లకు నియమాలు వచ్చాయి, ఆ తరువాత సముద్రాలు దాటింది. ఇప్పుడు బిరుదులు, సెకన్లు, మార్కులు అన్నీ చేరాయి, అవీ నాకు ఇష్టమే. కుక్క తోక కిందికి దిగిన పరుగులో వచ్చిన మార్కులు మాత్రం నాకు అక్కర్లేదు.

మానేయమంటారా అని అడిగారు. మానవద్దు. నాలుగు నెలలు పోటీ మార్కుల మాట మరచిపోండి. ఈలోగా వైద్య పరీక్ష, డబ్బా, మట్టి, పలక, కొత్త మాట "గుహ". నిర్వాహకులను ముందే అడిగి, పేరు నమోదు చేయకుండా రెండు మూడు ప్రదర్శనలకు చిట్టిని వెంట తీసుకెళ్లండి. రింగుకు దూరంగా, మిగతా కుక్కల మొరుగుడు వినిపిస్తున్నా అది తినగలిగేంత దూరంలో కూర్చోండి. ప్రతిసారీ కొన్ని అడుగులు దగ్గరికి జరగండి. అరగంటలో ఇంటికి వచ్చేయండి. ఆ తరువాత మార్కులు లేని పరుగుకు నమోదు చేయండి. ప్రదర్శన కోసం మాత్రమే అని ముందే చెబితే ఒక బొమ్మను రింగులోకి తీసుకెళ్లి ఆడించవచ్చు, తిండికి మాత్రం అందులోనూ అనుమతి లేదు. మూడు గెంతులు, ఒక గుహ, బొమ్మతో ఆట, బయటికి పరుగు. అంతే. మార్కుల పోటీకి తిరిగి వెళ్లినప్పుడు ప్రిఫర్డ్ విభాగం ఎంచుకోండి. 17 అంగుళాల కుక్క మామూలుగా 16 అంగుళాలు దూకాలి, అక్కడ 12 దూకితే చాలు. కీళ్లకూ మంచిది, నమ్మకానికీ మంచిది. రోజుకు ఒకటే పరుగు. మధ్యలో దానికి కంగారు పుడితే ఆపేసి, న్యాయనిర్ణేతకు కృతజ్ఞత చెప్పి, తేలికైన గెంతు ఒకటి చేయించి, నవ్వుతూ బయటికి రండి. వేసవిలో క్రేటు ఎప్పుడూ నీడలో, ఫ్యాను గాలిలో ఉండాలి. టెక్సస్ ఎండలో ఆపిన కారులో కుక్కను ఐదు నిమిషాలు కూడా వదలకండి.

మీవారికి ఖర్చు గురించి బెంగ ఉంటే ఈ నాలుగు నెలల్లో నమోదు రుసుములు దాదాపు ఉండవని చెప్పండి. ఆయన చేతికి ఫోనిచ్చి మీ పాదాలను తీయమనండి, ఆ దృశ్యాలు మీకు నిజంగా కావాలి. అత్తగారిని కూడా తీసుకెళ్లండి. గేటు బయట మడత కుర్చీ వేసి కూర్చోబెట్టి, ఆ డబ్బా ఆవిడ ఒళ్లో పెట్టండి. చిట్టి పరుగు ముగించి బయటికి వచ్చేసరికి మూత తీసి ఉంచమనండి.